ఆమె మాట మీద ఆగినవాళ్ళు

ఫిల్మ్‌నగర్‌లో ఎత్తు మీదికి ఎక్కే ఒక సందులో, గుట్టను చెక్కి కట్టిన మేడలో తారాదీప్తి డిజిటల్ ఆఫీసు ఉండేది. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించే మనిషి శారదాదేవి. కార్డు మీద ఆమె హోదా అడ్మిన్ మేనేజర్. చేసే పనికి మాత్రం పేరంటూ లేదు. కొత్తగా చేరినవాళ్ళకి కృష్ణానగర్‌లో గది వెతికిపెట్టేది. నిర్మాత మనుషులు కేకలు వేసుకుంటూ వస్తే కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, చల్లబరిచి పంపేది. అలిగి రెండు రోజులు రాని కుర్రాడికి ఫోన్ చేసి, ముందు భోజనం చేశావా అని అడిగేది. ఆ ఆఫీసులో జీతం ఇచ్చేది సూర్యప్రకాశరావు అయినా, మనుషుల్ని నిలబెట్టేది శారదాదేవి అని అందరికీ తెలుసు. అందరికంటే బాగా సూర్యప్రకాశరావుకే తెలుసు.

అక్కడ జరిగే పని సినిమా చూసేవాళ్ళ కంట పడదు, పడకూడదు కూడా. హీరో గాల్లోకి లేచి పదిమందిని తన్నే ఫైటులో అతని నడుముకి తాళ్ళు కట్టి ఉంటాయి. ఆ తాళ్ళు చెరిపెయ్యాలి. పాతకాలపు కథలో వెనకాల సెల్ టవర్ కనపడితే తీసెయ్యాలి. కంప్యూటర్ ముందు నడుము పడిపోయేదాకా కూర్చుని, ఒక్కో బొమ్మనీ విడిగా దిద్దాలి. బాగా చేస్తే చేసినట్టే తెలియదు. తప్పు జరిగితే ఊరంతా ఫోన్లలో చూసి నవ్వుతుంది.

శారదాదేవి ఆ కంపెనీలోకి వచ్చింది ఉద్యోగం వెతుక్కుంటూ కాదు. అప్పట్లో అది శ్రీనగర్ కాలనీలో రెండు గదుల ఎడిటింగ్ రూము. ఆమె భర్త అక్కడ ఎడిటర్. కామెర్లు ముదిరి, మనిషి నెల తిరక్కుండా పోయాడు. ఆమె చేతిలో ఇంకా నడక రాని కూతురు ప్రణతి. పుట్టింటివాళ్ళు ఏలూరు వచ్చెయ్యమన్నారు. ఆస్పత్రి నుంచి శ్మశానం దాకా దగ్గరుండి అన్నీ జరిపించిన సూర్యప్రకాశరావు, కర్మకాండ అయ్యాక ఒకరోజు భార్య పుష్పవల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అమ్మా శారదా, మీవాళ్ళ దగ్గరికి వెళ్తే తిండికి లోటుండదు. కానీ ఇంకొకళ్ళ చేతి కిందే ఉండాలి," అన్నాడు. "నువ్వు డిగ్రీ చదివావు. రేపట్నుంచి ఆఫీసుకి రా. పని నేర్చుకో. పిల్లని పుష్ప చూసుకుంటుంది."

నిజంగానే చూసుకుంది. ప్రణతి బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా పగలంతా పుష్పవల్లి ఇంట్లోనే పెరిగింది. శారదాదేవి ఆమెను వదినగారూ అని పిలవడం అలా మొదలైంది. అందుకే తర్వాత కంపెనీ పెరిగి, ఫిల్మ్‌నగర్ మేడలోకి మారి, శారదాదేవి పేరు ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో తెలిసి, ఇద్దరు ముగ్గురు ఎక్కువ జీతానికి పిలిచినా ఆమె వెళ్ళలేదు. వెళ్ళాలా వద్దా అని ఆలోచించను కూడా లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తన వల్ల కాదని నవ్వేసేది.

కరోనా రోజుల్లో చుట్టూ ఉన్న స్టూడియోలు ఒక్కొక్కటే తాళాలు వేసుకుంటే తారాదీప్తి వెయ్యలేదు. సగం జీతాలైనా ఇచ్చింది. దాంతో ఆమె నమ్మకం ఇంకా గట్టిపడింది. కానీ ఆ తర్వాత వచ్చిన గడ్డుకాలం వేరే రకంది. ముంబై కంపెనీలు సగం ధరకి పని పట్టుకుపోతున్నాయి. నెలరోజులు పట్టే పనిని కొత్త సాఫ్ట్‌వేర్లు గంటల్లో చేస్తాయని నిర్మాతలు బేరం తెగ్గొట్టారు. తారాదీప్తి చేస్తున్న ఒక పెద్ద సినిమా సగంలో ఆగిపోయింది. ఒకటో తారీఖు జీతం పదికి, తర్వాత ఇరవైకి జారింది. ఆ పైన రెండు నెలలకి ఒకసారి వస్తే అదృష్టం అన్నట్టయింది.

ఒక మధ్యాహ్నం సూర్యప్రకాశరావు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది.

"చేతిలో ఒక్క సినిమా మిగిలింది శారదా. అది పూర్తిచేసి ఇస్తే నిలబడతాం. లేదంటే లేదు. రవిచంద్రకి గచ్చిబౌలి నుంచి ఆఫర్ వచ్చిందట, నీకు తెలుసా?"

"విన్నానండీ."

"వాడు వెళ్తే వాడి వెనకాల పదిమంది వెళ్తారు. నేను చెప్తే వినరు, జీతం ఇవ్వలేనివాడి మాట ఎవరు వింటారు? నువ్వు చెప్తే వింటారు. ఈ సినిమా అయ్యేదాకా పిల్లల్ని పట్టుకో."

రవిచంద్ర మోతీనగర్ వాడు. తల్లి ఎల్లమ్మ ఎర్రగడ్డ మార్కెట్‌లో కూరగాయలమ్మి చదివించింది. ఇంటర్ తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి, తారాదీప్తిలో చేరి, తాళ్ళు చెరిపే పని దగ్గర మొదలుపెట్టి, ఆ విభాగం మొత్తానికి పెద్దయ్యాడు. మాట తక్కువ. భార్య నవత ఒక ప్రైవేటు బడిలో టీచరు.

ఆ సాయంత్రం ఆఫీసు కింద టీ బండి దగ్గర అతనే ఆ మాట ఎత్తాడు.

"సోమవారం దాకనే టైమిచ్చిండ్రు మేడమ్. జీతం మంచిగనే ఉన్నది. ఇంకేంది ఆలోచించుడు అంటున్నది నవత."

"నీకేమనిపిస్తోంది రవీ?"

"నాకైతే ఈడ ఇడిచిపెట్టబుద్ధి అయితలేదు. పని ఈడనే నేర్చుకున్న. కానీ జీతాలు గిట్ల లేటయితుంటే ఇంట్ల తిప్పలయితున్నది. మీరే చెప్పుండ్రి. మీరు పొమ్మంటే పోత, ఉండుమంటే ఉంట."

శారదాదేవి గ్లాసులో టీ చల్లారిపోయేదాకా మాట్లాడింది. తన భర్త పోయినప్పటి సంగతి చెప్పింది. కరోనా నాటి సంగతి చెప్పింది. మునిగే పడవలోంచి దూకేవాళ్ళే ఎక్కువనీ, నిలబడ్డవాళ్ళని సూర్యప్రకాశరావుగారు మర్చిపోయే మనిషి కాదనీ చెప్పింది. అందులో ఒక్క మాటా కల్పించింది కాదు. ప్రతి మాటా ఆమె మనసారా నమ్మిందే.

"ఈ సినిమా విడుదలయ్యేదాకా ఉండు. ఆ తర్వాత వెళ్తానంటే నేనే దగ్గరుండి పంపిస్తాను."

అతను కాసేపు రోడ్డు కేసి చూశాడు. "సరే మేడమ్. మీ మాట మీద ఉంట," అన్నాడు.

అతను ఉన్నాడని తెలిసి అతని విభాగంలోనే పనిచేసే హరిణి ఆగింది. ఆమె ఆగిందని మరో నలుగురు ఆగారు.

ఆ ఆదివారం ఇంట్లో చిక్కుడుకాయలు వలుస్తూ ఈ సంగతి కూతురితో చెప్పింది శారదాదేవి. చెప్తున్నప్పుడు గొంతులో కొంచెం గర్వం ఉంది. ప్రణతి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈ మధ్యే మూడో కంపెనీకి మారింది.

"అతనికి చేతిలో ఆఫర్ ఉందా అమ్మా? మరెందుకు ఆపావు?"

"నేనేమీ ఆపలేదే. అడిగాడు, చెప్పాను."

"సూర్యం మావయ్య మనకి చాలా చేశారు. నేను కాదనను, నేను తిన్నది ఆయన ఇంట్లోనే. కానీ అది నీకూ ఆయనకీ మధ్య. రవిచంద్రకి ఆయనేం చేశారు? నీ రుణం అతని చేత తీర్పిస్తున్నావా?"

శారదాదేవికి చురుక్కుమంది. "మీ కాలం వాళ్ళకి అన్నీ లెక్కలే. ఎక్కడా నాలుగేళ్ళు కుదురుగా ఉండరు."

"ఎలా ఉంటాం? మా పాత ఆఫీసులో ఒకావిడ పన్నెండేళ్ళు చేసింది. ఒకరోజు పొద్దున గేటు దగ్గర ఆవిడ కార్డు పనిచెయ్యలేదు. ఉద్యోగం పోయిందని అలా తెలిసింది. అందుకే నేను వాళ్ళని నమ్మను, వాళ్ళు నన్ను నమ్మరు."

"అలా ఎవర్నీ నమ్మకుండా బతకడం ఏం బాగుంటుందే?"

ప్రణతి చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. "బాగుండదు," అంది.

వేసవి ముదిరింది. జీతాలు రాలేదు కానీ పని మాత్రం రెట్టింపయింది. వెళ్ళిపోయినవాళ్ళ పని ఉన్నవాళ్ళ మీద పడింది. రవిచంద్ర ఇంటికి వెళ్ళడం తగ్గించాడు. నిద్ర చాలక కళ్ళు ఎర్రగా ఉండేవి. తలనొప్పి అంటూ బిళ్ళలు మింగుతుంటే శారదాదేవి రెండుసార్లు కోప్పడింది. బీపీ చూపించుకోమంది. సినిమా అయినాక చూపిచ్చుకుంట మేడమ్ అన్నాడు.

అప్పుడే ఒకరోజు భోజనాల దగ్గర హరిణి అడిగింది. "మేడమ్, మన హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా, లేదా? ఈసారి కొత్త కార్డులు రాలేదు. జీతాలే ఇవ్వనివాళ్ళు అది కట్టారా అని అందరూ అనుకుంటున్నారు."

ఏటా ఆ వ్యవహారం శారదాదేవి చేతుల మీదుగా జరిగేది. ఆ ఏడు కొత్త అకౌంటెంట్ చూస్తాడని సూర్యప్రకాశరావు అన్నాడు. ఆమె నేరుగా ఆయన గదిలోకి వెళ్ళి అడిగింది.

"రెన్యువల్ అయిపోయింది శారదా. కార్డులు వస్తాయి. నేను చూసుకుంటాగా," అన్నాడాయన ఫోన్‌లోంచి తలెత్తకుండా.

గడప దాటుతూ ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆయన ఎప్పుడూ మొహంలోకి చూసే మాట్లాడే మనిషి. ఆ తేడా ఆమెకి తట్టింది కూడా. రశీదు ఒకసారి చూపించండి అని అడగొచ్చు. ఇన్నేళ్ళ మనిషిని రశీదు అడగడమేమిటని నోరు రాలేదు. బయటికి వచ్చి, "కట్టేశారమ్మా, కంగారు పడకండి," అని అందరికీ వినపడేలా చెప్పింది. మేడమ్ చెప్పాక ఇంకెవరూ ఆరా తియ్యలేదు.

ఆ తర్వాత కొద్ది వారాలకే జరిగింది. పొద్దున టీ తాగి వచ్చి కూర్చున్న రవిచంద్ర, మౌస్ చేతిలోంచి జారిపోతోందని పక్కవాళ్ళతో అన్నాడు. ఆ అన్న మాటే ముద్దగా వచ్చింది. శారదాదేవి పరుగున వెళ్ళేసరికి నోరు ఒక పక్కకి వంకర పోయి ఉంది. కుడి కాలు నిలవడం లేదు. ఇద్దరు కుర్రాళ్ళ సాయంతో మెట్లు దింపి, ఆటోలో పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుంది. చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. అతను ఎడమ చేత్తో ఆమె కొంగు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఏదో అడగాలని చూస్తున్నాడు, మాట రావడం లేదు.

పెద్ద ఆస్పత్రిలో డాక్టర్లు వెంటనే లోపలికి తీసుకున్నారు. మెదడుకి వెళ్ళే నరంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. ఇంజెక్షన్ ఇచ్చారు కానీ గడ్డ పెద్దదనీ, తొడ దగ్గర నరం గుండా సన్నటి తీగ పంపి దాన్ని లాగెయ్యాలనీ, ఎంత త్వరగా చేస్తే అంత మంచిదనీ చెప్పారు. శారదాదేవి కౌంటర్ దగ్గరికి వెళ్ళి కంపెనీ పేరు, పాలసీ నంబరు చెప్పింది.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది ల్యాప్స్ అయింది మేడమ్. రెన్యూ కాలేదు."

"లేదమ్మా, కట్టారు. మళ్ళీ చూడండి."

ఆ అమ్మాయి మళ్ళీ చూసింది. స్క్రీన్ ఆమె వైపు తిప్పింది. కట్టాల్సిన గడువు దాటి చాలా నెలలైంది. హరిణి అడిగిన రోజుకే అది లేదు.

సూర్యప్రకాశరావుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. పుష్పవల్లి ఎత్తలేదు. అకౌంటెంట్ ఎత్తి, ఆ సంగతి సార్‌నే అడగండి అని పెట్టేశాడు. శారదాదేవి తన కార్డులో ఉన్నదంతా కట్టింది. అది చాలదు. ప్రణతికి ఫోన్ చేసింది. నవత బడి నుంచి పరుగెత్తుకొచ్చింది, ఆమె తమ్ముడు ఎవరెవరినో అడుగుతున్నాడు. జీతాలు లేని ఆఫీసు కుర్రాళ్ళు ఉన్నంతలో తలా కొంత పంపారు. అంతా పోగయ్యి, లోపలికి తీసుకెళ్ళేసరికి ఎండ వాలిపోయింది.

ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడు. కుడి చెయ్యి సంగతి, మాట సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు. ఇంకాస్త ముందు చేసి ఉంటే అన్నట్టు ఏదో మొదలుపెట్టి, నవత మొహం చూసి ఆపేశాడు. అక్కడే నిలబడ్డ శారదాదేవికి ఆ ఆపిన మాట పూర్తిగా వినపడింది.

మర్నాడు పొద్దున్నే ఆమె జూబ్లీహిల్స్‌లో సూర్యప్రకాశరావు ఇంటికి వెళ్ళింది. ఆయన హాల్లోనే కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి ఉంది. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"రవికి ఎలా ఉంది? రాత్రే తెలిసింది. అప్పులవాళ్ళ పోరు పడలేక ఫోన్ కట్టేసుకున్నాను."

"ప్రాణం దక్కింది. కుడి పక్క పడిపోయింది." ఆమె కూర్చోలేదు. "ఇన్సూరెన్స్ కట్టలేదెందుకండీ?"

"ఎక్కణ్ణుంచి కట్టను శారదా? ఈ ఇల్లు కూడా తాకట్టులోనే ఉంది. సినిమా డబ్బులు రాగానే కడదామనుకున్నాను. ఈలోపు ఎవరికీ ఏమీ కాదులే అనుకున్నాను. ఇంతమంది పిల్లలు, అందరూ వయసులో ఉన్నవాళ్ళు."

"కట్టలేదని నాకైనా చెప్పొచ్చు కదా."

ఆయన బాగా తెలిసిన మనిషితో మాట్లాడేటంత మామూలుగా అన్నాడు. "నీకు చెప్తే వాళ్ళకి చెప్పకుండా ఉండలేవు. నీకు అబద్ధం రాదు శారదా. నీ మొహం చూస్తేనే తెలిసిపోతుంది. నువ్వు నమ్మి చెప్తేనే వాళ్ళు నమ్ముతారు."

శారదాదేవి సోఫా చేతిని పట్టుకుని నిలబడింది. ఆయన కోపంగా అని ఉన్నా, బుకాయించి ఉన్నా ఆమె తట్టుకునేదేమో. ఆయన మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. తన నిజాయితీనే ఆయన ఇన్ని నెలలూ వాడుకున్నాడు. టీ బండి దగ్గర రవిచంద్రని ఆపింది అదే.

ఆయన ఇంకా చెప్తున్నాడు. తారాదీప్తి ఇక నిలవదట. కొడుకు సాయిశ్రీనివాస్ పేరు మీద కొత్త కంపెనీ పెడుతున్నారట, చిన్నగా, ఈ రోడ్డులోనే. ఉన్న ఒక్క సినిమా అందులోకి మారుస్తారట.

"నీ కుర్చీ నీకుంటుంది. నిన్ను ఎలా వదిలేస్తాను? కానీ ఒక్క సాయం చెయ్యాలి. రవి ఇంటివాళ్ళు లేబర్ ఆఫీసుకీ, పోలీసులకీ వెళ్ళకుండా నువ్వే నచ్చజెప్పాలి. సినిమా డబ్బులు రాగానే వాళ్ళకి ఎంతో కొంత నేనే చేస్తాను. వాళ్ళు నీ మాట వింటారు."

ఆమె నోటి నుంచి వెళ్ళొస్తానండీ అనే మాట అలవాటుగా వచ్చింది. గేటు దాటాక ఎటు వెళ్ళాలో తెలియక కాసేపు ఎండలో నిలబడింది. యాభై దాటిన వయసు, వేరే ఉద్యోగం ఎరగదు. ఆ కుర్చీ అక్కర్లేదని అనుకోవడానికి కూడా ఆమెకి ధైర్యం కావాల్సి వచ్చింది. ఆ రోజంతా ఆ ధైర్యం రాలేదని తర్వాత ప్రణతికి చెప్పింది.

ఆ మర్నాడు ఆస్పత్రి వరండాలో నవతే ఆమెను అడిగింది. పక్కన ఎల్లమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

"మేడమ్, ఒక్క మాట అడుగుత. ఇన్సూరెన్స్ లేదని మీకు ఎరుకేనా?"

"ఎరుక లేదమ్మా. ఉందనే చెప్పారు. నేను గట్టిగా అడగాల్సింది. అడగలేదు."

"మీరు ఉన్నదంటెనే ఆయన బేఫికర్‌గ ఉన్నడు. లేదని తెలిస్తే ఏడ్నన్న వేరే తీసుకుంటుంటిమి. లేకుంటే గచ్చిబౌలికన్న పోతుండె." నవత గొంతు పెంచలేదు. "మిమ్మల్ని తిట్టబుద్ధి అయితలేదు మేడమ్. కానీ మిమ్మల్ని చూడబుద్ధి గూడ అయితలేదు."

ఎల్లమ్మ తలెత్తింది. "గా కంపెనీ పెద్దమనిషి ఒక్కపారి గూడ రాలే," అంది. "నా కొడుకు ఆ ఆఫీసుకు పండుగపూట గూడ పోయిండు."

శారదాదేవి వాళ్ళ పక్కనే నేల మీద కూర్చుంది. సూర్యప్రకాశరావు చెప్పమన్నది చెప్పలేదు. ఆయన దాచాలనుకున్నదంతా చెప్పింది. కొత్త కంపెనీ సంగతి, సినిమాని అందులోకి మార్చే సంగతి, తనను ఎందుకు పంపాలనుకున్నాడో ఆ సంగతి. లేబర్ ఆఫీసుకి తానూ వస్తానంది. నవత నమ్మినట్టు కనపడలేదు, వద్దని కూడా అనలేదు.

నెల తిరక్కముందే తారాదీప్తికి తాళం పడింది. పొద్దున వచ్చినవాళ్ళు గేటు బయటే నిలబడిపోయారు. సొంత బ్యాగులు, టిఫిన్ డబ్బాలు లోపలే ఉండిపోయాయి. శారదాదేవి కూడా వాళ్ళతో పాటే రోడ్డు మీద నిలబడింది. ఆమె చుట్టూ కొంచెం ఖాళీ ఉంది. ఎప్పుడూ ఆమెను చుట్టుముట్టి మాట్లాడే పిల్లలు ఆ ఖాళీలోకి అడుగు పెట్టలేదు.

లేబర్ ఆఫీసులో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉద్యోగుల్ని ఆగమని తానే అన్నాననీ, ఇన్సూరెన్స్ ఉందని యజమాని మాట మీద తానే హామీ ఇచ్చాననీ చెప్పింది. మెట్లు దిగుతుంటే హరిణి పక్కకి వచ్చింది.

"ఇదంతా అప్పుడే తెలుసుకుని చెప్పాల్సింది మేడమ్," అంది. "ఇప్పుడు మీరు మంచివాళ్ళని తేలితే మాకేం వస్తుంది?"

హరిణి అడిగిందాన్లో శారదాదేవికి తప్పు కనపడలేదు.

ఆ సాయంత్రమే పుష్పవల్లి ఫోన్ చేసింది. ఇన్నేళ్ళలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం శారదాదేవి వినలేదు.

"నీ కూతురికి ఈ చేత్తో అన్నం కలిపి పెట్టాను శారదా. మీ ఆయన పోయినప్పుడు నీకు ఎవరున్నారు? ఈయన్ని వీధిలోకి లాగడానికి నీకు మనసెలా వచ్చింది?"

"మీరు చేసింది నేను మర్చిపోలేదు వదినగారూ. చచ్చేదాకా మర్చిపోను."

"మరెందుకు చేశావు?"

"మీరు నాకు చేసినదాని రుణం రవి తన కుడి చెయ్యి పోగొట్టుకుని తీర్చాడండీ. ఇంక నేను ఎవర్నీ తెచ్చి ఇవ్వలేను."

అటువైపు ఫోన్ పెట్టేసిన శబ్దం వినిపించింది. శారదాదేవి ఆ పూట వంట చెయ్యలేదు. ప్రణతి ఆఫీసు నుంచి వచ్చేసరికి దీపం కూడా పెట్టకుండా కూర్చుని ఉంది. నేను ముందే చెప్పానుగా అని ప్రణతి అనలేదు. తల్లి పక్కన కూర్చుని ఏడ్చింది. తనకు పుష్పవల్లి అత్తయ్య పెట్టిన అన్నం గుర్తుందని చెప్పింది.

కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదాకి ఒక లాయరు వస్తాడు, కాగితాలు కావాలంటాడు, ఇంకో తేదీ పడుతుంది. సాయిశ్రీనివాస్ కంపెనీ జూబ్లీహిల్స్‌లో అద్దాల మేడలో మొదలైంది. ఆ చివరి సినిమా అక్కడే పూర్తయి విడుదలైంది, ఓ మోస్తరుగా ఆడింది. తారాదీప్తిలో ఆగినవాళ్ళలో ఇద్దరు అక్కడే చేరారు. వాళ్ళని ఎవరూ తప్పు పట్టలేదు. అందరికీ ఇల్లు గడవాలి.

శారదాదేవి ఎర్రగడ్డలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటోంది. టోకెన్లు ఇస్తుంది, పేర్లు పిలుస్తుంది. సాయంత్రం వేళ అయ్యాక ఒక్క నిమిషం కూడా ఉండదు. తోటివాళ్ళు మేడమ్ అని దగ్గరికి వచ్చి సొంత సంగతులు చెప్పుకోబోతే ఏదో పని కల్పించుకుని లేచిపోతుంది.

మోతీనగర్ అక్కడికి దగ్గరే. చాలా రోజులు వెళ్ళాలనుకుని, వెళ్ళలేక, చివరికి ఒక సెలవునాడు వెళ్ళింది. నవత తలుపు తీసి పక్కకి జరిగింది. రవిచంద్ర మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. సగం చిక్కిపోయాడు. కుడి చెయ్యి ఒళ్ళో ఎవరిదో వస్తువు పెట్టినట్టు పడి ఉంది. ఎదురుగా పాత లాప్‌టాప్. ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని తెర మీద ఒక గీత వెంబడి నడపాలని చూస్తున్నాడు. అది పక్కకి పోతోంది. వెనక్కి తెచ్చి మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

ఆమెను చూసి ఆపాడు. మాటలు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కంపెనీ... కోసం... ఉండలే... నేను," అన్నాడు. ఒక్కో మాటకీ పెదవి కష్టంగా వంగుతోంది. "మీరు... చెప్పిండ్రని... ఉన్న."

"తెలుసు రవీ," అంది శారదాదేవి.

అతను ఇంకేమైనా అంటాడేమోనని ఆమె చూసింది. క్షమించానని గానీ, క్షమించనని గానీ అనలేదు. అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు. లోపల్నుంచి నవత మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన స్టూలు మీద పెట్టింది. చేతికివ్వలేదు.

"ఈయనను బాత్రూమ్ కాడికి తోల్కపోవాలె మేడమ్," అంది కాసేపటికి. "అత్తమ్మ మార్కెట్‌కు పోయింది. ఆ పక్క జర పట్టుకుంటరా?"

శారదాదేవి లేచి అతని కుడి చంక కింద చెయ్యి వేసింది. మనిషి ఎంత చిక్కినా ఆ పక్క బరువు మాత్రం చాలా ఉంది. ముగ్గురూ కలిసి, గోడ పట్టుకుంటూ, మెల్లగా కదిలారు.